నల్ల ప్లేటులో కోటయ్య

ఆరోగ్యస్వామి జర్మనీ నుంచి తిరిగొచ్చి ఎనిమిది నెలలైనా రాళ్లకుంటకు వెళ్లలేదు. రెంటచింతలలో వాళ్ల ఇంటి నుంచి ఆ ఊరు రెండు కోసుల దూరం. పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కకముందే చేరుకోవచ్చు. దారి తెలుసు. ఎవరి ఇల్లు అడగాలో తెలుసు, ఏం చెప్పాలో తెలుసు. చెప్పాల్సిన ఆ మాటను తలుచుకుంటేనే కాళ్లు కదిలేవి కావు.

అతను జర్మనీ వెళ్లింది భాషలు చదవడానికి. రెంటచింతల చర్చిగుడిలో ఉండే ఫాదరుగారిది జర్మన్ మాట్లాడే దేశం. తాను కోపంలో గొణుక్కునే మాటల్ని ఆరోగ్యస్వామి ఉన్నదున్నట్టు ఒప్పజెప్పడం విని, ఆ చెవికి ముచ్చటపడి జర్మనూ లాటినూ నేర్పారు. మద్రాసులో బి.ఏ. అయ్యాక తనవాళ్లకు ఉత్తరాలు రాసి, 1936లో ఓడెక్కించారు.

అక్కడి యూనివర్సిటీలో మూడేళ్లు జర్మన్, ఫ్రెంచి చదివాడు. వాటితోపాటు శబ్దశాస్త్రం నేర్చుకున్నాడు. ఏ శబ్దం నోట్లో ఎక్కడ పుడుతుందో, నాలుక ఎక్కడ తగులుతుందో, ఊపిరి ఎంత వదలాలో గమనించి గుర్తుల్లో రాసుకునే విద్య అది. ఆ గుర్తులు చదవడం వస్తే ఎన్నడూ వినని భాషనైనా ఆ గడ్డమీద పుట్టినవాడిలా పలకొచ్చని ప్రొఫెసరుగారు అనేవారు. క్లాసులో అందరికంటే బాగా పలికేది ఆరోగ్యస్వామే.

రెండో ఏడు చలికాలంలో ప్రొఫెసరుగారు అతన్ని మేడమీది గదికి తీసుకెళ్లారు. గోడలపొడుగునా బీరువాలు, వాటి నిండా గ్రామఫోను ప్లేట్లు. మొదటి యుద్ధంలో పట్టుబడిన ఖైదీల చేత ఎవరి భాషలో వాళ్లను మాట్లాడించి పట్టిన ప్లేట్లవి. ఒకదాని అట్టమీద ‘తెలుగు’ అని రాసి ఉంది. ఇరవై ఏళ్లుగా దాన్ని అర్థం చేసుకోగలిగినవాడు ఆ గదిలోకి రాలేదట. విని, గుర్తుల్లో రాసిపెట్టమన్నారు.

ముల్లు తగలగానే ముందు ఇసుక రాలినట్టు చప్పుడు. ఆ వెనక ఒక మగగొంతు ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టింది. తర్వాత ఇలా అంది:

"నా పేరు కోటయ్య. మాది పల్నాడు, రాళ్లకుంట. కంచరగాడిదలు తోలే పనికని పటాలంలో చేరి పడవెక్కినా. ఈడ చలి చానా. ఏందో ఒకటి మాట్లాడమంటన్నారు ఈళ్లు. ఏం మాట్లాడాలో తెలవటంలా. మా ఇంటిదాని పేరు ఎంకాయి. ఎంకాయే, నువ్వు..."

అక్కడితో ప్లేటు అయిపోయింది.

ఆరోగ్యస్వామి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. కిటికీ బయట మంచు కురుస్తోంది. ఇంటి నుంచి ఏడువేల మైళ్లు వచ్చి, పక్క ఊరివాడి మాట విన్నాడు. ప్లేటుతోపాటు ఒక కార్డు ఉంది. పేరు, వయసు ఇరవై నాలుగు, ఊరు. కింద వేరే సిరాతో మరొక వరుస: క్షయ, మరణం, 1917 ఫిబ్రవరి 11.

ఆ చలికాలమంతా అతను ఆ ప్లేటుతోనే గడిపాడు. యాభైసార్లకు పైగా విన్నాడు. ప్రతి అక్షరం దగ్గరా గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో నోటుబుక్కులో రాసుకున్నాడు. పలికి చూపించినప్పుడు ప్రొఫెసరుగారు కళ్లు మూసుకుని విని, ‘ఇక చాలు, ఆపెయ్’ అన్నారు. మెచ్చుకుంటారనుకున్నాడు కానీ ఆయన లేచి ప్లేటును అట్టలో పెట్టేశారు.

1939 ఆగస్టులో యుద్ధం రేపో మాపో అనగా ఇటలీ మీదుగా ఓడ పట్టుకుని ఇంటికి చేరాడు. నెల తిరక్కుండా ఫాదరుగారిని శత్రుదేశస్థుడని ఎక్కడో క్యాంపులో పెట్టారు. జర్మనీలో చదివినవాడికి ఉద్యోగం ఇవ్వడానికి చాలామంది జంకారు. చివరికి మాచర్లలో ఒక బడిలో ఇంగ్లీషు మేష్టరుగా కుదిరాడు. ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, తల్లి రాయపమ్మకు ప్లేటు సంగతి చెప్పాడు.

ఆమె బియ్యం ఏరుతూ అంతా విన్నది. "కోటయ్య పెళ్లాం ఇంకా బొట్టు పెట్టుకునే ఉందిరా. పటాలమోళ్లు కనపడటంలేదని కాయితం పంపించారంట, పోయాడని ఎవురూ చెప్పలా. చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకుని తిరగమాక. పోయి చెప్పిరా."

మర్నాడు వెళ్లాడు.

వెంకాయమ్మ ఇంటిముందు నాపరాళ్ల మీద మిరపకాయలు ఎండబోసి, కాలితో తిరగేస్తూ ఉంది. నలభై నాలుగేళ్ల మనిషి. పెద్ద బొట్టు, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు. తాను ఫలానా అని చెప్పగానే గుర్తుపట్టింది.

"కిరస్తానీ రాయపమ్మ కొడుకువా? మీ నాయన మా కల్లంలో పనికొచ్చేవాడు. కూర్చో నాయనా."

"అమ్మా, నేను జర్మనీ దేశంలో చదువుకున్నా. ఆడ కోటయ్యగారి మాట విన్నా."

ఆమె కాలు మిరపకాయల మధ్య ఆగిపోయింది. "చూశావా, విన్నావా?"

"విన్నానమ్మా. గ్రామఫోను ప్లేటు మీద పట్టిన మాట."

రెండో వాక్యం నాలుక చివర ఉంది. కానీ ఆమె ముఖంలోకి చూశాక అది బయటికి రాలేదు. ఇరవై ఆరేళ్ల కిందట గడప దాటిన మనిషి ఇప్పుడే వీధి మలుపు తిరిగి వస్తున్నట్టు ఉంది ఆ ముఖం. ఆ క్షణంలో తనకు చేతనైన పని ఒక్కటే తోచింది. "ఆయన ఎట్టా మాట్లాడాడో అట్టాగే చెప్పి చూపిస్తా," అన్నాడు.

లెక్క మొదలుపెట్టాడు. మామూలుగా ప్రతి శబ్దానికీ నాలుకను వెతికి పెట్టుకోవాల్సి వచ్చేది. ఆ రోజు వెతకాల్సిన పని లేకపోయింది. పద్దెనిమిది దగ్గర ప్లేటులో ఉన్న చిన్న దగ్గు కూడా దానంతటదే వచ్చింది. ‘మాది పల్నాడు’ అనేసరికి తన ఛాతీలో తనకంటే బరువైన మనిషి ఊపిరి తీస్తున్నట్టనిపించింది. ‘ఎంకాయే, నువ్వు’ అని ఆగాడు.

వెంకాయమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన నా పేరెత్తడు," అంది. "కాపరం చేసిన నాలుగేళ్లలో ఏమే అనేవాడే గానీ పేరు పెట్టి పిలవలా. గొంతు మాత్రం ఆయనదే. నా పేరు ఆయన గొంతులో ఇప్పుడే వింటన్నా. ఇంకోసారి అను నాయనా."

ఇంకోసారి అన్నాడు. లేచేటప్పుడు ఆమె, "రేపు నేనే వస్తా," అంది.

అన్నట్టే వచ్చింది, ఆపై రోజూ వచ్చింది. ఇంటిపని ముగించుకుని బయల్దేరి, రెంటచింతల ఎండలో మిట్టమధ్యాహ్నానికి చేరేది. ఆ వేళకి వీధిలో కుక్క కూడా తిరగదు. వడగాలి తలుపుల్ని తోస్తూ ఉంటుంది. ఆమె అరుగుమీద కూర్చునేది. రాయపమ్మ మంచినీళ్లు తెస్తే మొదటి రెండు రోజులు వద్దంది. మూడో రోజు చెంబు అందుకుని గటగటా తాగింది. అతను చెప్పేవాడు, ఆమె వినేది, లేచి వెళ్లిపోయేది. ‘ఇప్పుడు ఎక్కడున్నాడు’ అని ఆమె అడగలేదు. అడిగితే చెప్పేద్దామని అతను ప్రతిరోజూ అనుకున్నాడు.

నాలుగో రోజు ‘ఎంకాయే, నువ్వు’ దగ్గర ఎప్పటిలా ఆగబోయాడు. నోరు ఆగలేదు.

"నువ్వు ఆ కుంటి దూడని తోలెయ్యమాక," అంది గొంతు.

ఆరోగ్యస్వామి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ దూడ సంగతి అతనికి తెలియదు. అతను పుట్టకముందు మాట అది. వెంకాయమ్మ మాత్రం మొగుడు పక్కనే కూర్చుని అడిగినట్టు తలవంచుకుని జవాబు చెప్పింది.

"నువ్వు పోయిన ఏడే తోలేశారయ్యా. మీ నాయన ఇనలా."

ఆమె వెళ్లాక లోపలికి పరుగెత్తి నోటుబుక్కు తీశాడు. రాత ఎక్కడ ముగిసిందో అక్కడే ఉంది. దాని కింద తెల్లకాగితం.

ఆ తర్వాత రోజూ కొంత కొంత ఎక్కువ వచ్చింది. కంచరగాడిదలు ఓడలో ఎలా అరిచాయో చెప్పింది ఆ గొంతు. తెల్ల ఇసుకలాంటిది ఆకాశం నుంచి పడుతుందని, పట్టుకుంటే నీళ్లయిపోతుందని చెప్పింది. ఆపాలని చూస్తే దవడ నొప్పి పుట్టేది. ఇంట్లో కూడా ఏదో మారింది. అన్నం దగ్గర కూర్చుంటే మోకాళ్లు పైకి పెట్టి గొంతుక్కూర్చుంటున్నాడు. ఎన్నడూ చుట్ట ముట్టనివాడు ఎండుటాకు కనపడితే వేళ్లమధ్య చుడుతున్నాడు. అది ముందు చూసింది రాయపమ్మే.

"ఫాదరుగారు కూడా లేకపాయె," అందామె, కొడుకు చేతిలోంచి ఆకు లాగేస్తూ. "చచ్చిపోయాడని నువ్వు చెప్పాల్సింది. చెప్పకుండా వాడికి నీ నోరిచ్చావు. ఇప్పుడు వాడెందుకు పోతాడు?"

"రేపు చెప్పేస్తానమ్మా."

"రేపు, రేపు అంటానే ఉన్నావు."

ఎనిమిదో రోజు వెంకాయమ్మ వెనక ఆమె మరిది సాంబశివరావు వచ్చాడు. అన్న పటాలానికి వెళ్లేనాటికి పదేళ్లవాడు. ఇప్పుడు ఆ ఊళ్లో నలుగురూ మాట వినే రైతు. చేతిలో కర్ర ఉంది. అరుగెక్కకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఏందయ్యా మేష్టరూ, మా వదినని ఎండలో పడి తిప్పుతున్నావంట. కోటయ్య నీ ఒంట్లోకి వచ్చాడని ఊరంతా చెప్పుకుంటన్నారు. చదువుకున్నోడివి, ఇట్టాంటి యేషాలు నీకెందుకు? ఇయ్యాల్టితో ఆపెయ్యి."

"ఆపుతానండీ," అన్నాడు ఆరోగ్యస్వామి. నిజంగానే ఆపుదామని, కార్డు మీద రాసి ఉన్నది ఇద్దరికీ చెబుదామని నోరు తెరిచాడు. జేబులో ఆ కార్డు నకలు కూడా ఉంది.

నోరు తెరవగానే వచ్చింది అతని మాట కాదు.

"ఒరేయ్ సాంబా, కర్ర కింద పెట్టరా."

సాంబశివరావు చేతిలో కర్ర ఎప్పుడు జారిందో అతనికే తెలియలేదు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని, వాకిట్లో కాలిపోతున్న మట్టిమీదే చతికిలబడ్డాడు.

"ఎంకాయే, నేను రాను," అంది గొంతు. తొందరలేదు ఆ మాటలో. కల్లంలో పని ముగించుకున్నవాడి మాటలా ఉంది. "నాకు దగ్గు పట్టుకుంది. మంచు కరక్కముందే పోయినా. కాల్చలా, గుంట తీసి పెట్టారు. ఇసకనేల. నా పక్కన నలుగురున్నారు, ఒక్కడికీ మన మాట రాదు. ఇంక నా కోసం చూడమాక. ఈడికి చెప్పే దయిర్యం లేదు, అందుకని నేనే చెబుతున్నా."

అంతే. ఆరోగ్యస్వామి ఛాతీలోంచి ఏదో లేచిపోయినట్టయింది. అతను గోడకు జారగిలబడ్డాడు. వడగాలికి తలుపు ఒకటి రెండుసార్లు కొట్టుకుంది. రాయపమ్మ లోపలి గదిలో శిలువ గుర్తు వేసుకుంది.

వెంకాయమ్మ తలెత్తి అడిగింది. "ఎన్నో యేడు?"

అతను జేబులోంచి కాగితం తీసి, తన గొంతుతో తడబడుతూ చదివాడు. "పదిహేడో సంవత్సరం, ఫిబ్రవరి పదకొండు."

"ఇరవై మూడేళ్లాయె." ఆమె చేతుల్ని ఒళ్లో పెట్టుకుని గాజుల వంక చూసుకుంది. "నీకు మొదటి రోజే తెలుసా నాయనా?"

"తెలుసమ్మా."

"చెప్పకపోయావే."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతను తర్వాత తల్లితో అన్నాడు. సాంబశివరావు వదినను పట్టుకుని లేవదీశాడు. ఇద్దరూ ఎండలో నడిచి వెళ్లిపోయారు. కర్ర వాకిట్లోనే ఉండిపోయింది.

రాళ్లకుంటలో కర్మ చేశారని పదిరోజులకు తెలిసింది. శవం దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారట. ఆరోగ్యస్వామి వెళ్లలేదు. లెక్కపెట్టి చూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. తన గొంతే. ఎంత నాలుక తిప్పినా, నోటుబుక్కు ముందు పెట్టుకుని పలికినా తన గొంతే. అందుకు సంతోషపడాల్సింది పోయి, ఇల్లు ఖాళీ అయినట్టు దిగులేసింది. కాళ్లు ముడుచుకుని కూర్చోవడం పోయింది. చుట్టడానికి ఆకు వెతకడమూ పోయింది. రాయపమ్మ గుడిలో వత్తి వెలిగించి వచ్చింది.

బడి తెరవడానికి వారం ఉందనగా సాంబశివరావు మనిషిని పంపాడు. వదిన ఒకసారి రమ్మంటోందని కబురు.

వెంకాయమ్మ నుదురు బోసిగా ఉంది. చేతులకు గాజులు లేవు, అవి ఉన్నచోట చర్మం తెల్లగా కనపడుతోంది. ఆమె పీట వేసింది.

"నాయనా, ఆయన చెప్పాల్సింది చెప్పి పోయాడు. నేనేం చెప్పలా. దూడ సంగతి తప్ప నా నోటెంట ఒక్క మాట రాలా. ఇరవై ఆరేళ్ల మాటలున్నాయి నాకాడ. ఆయన మాట రాసుకున్నావు గదా ఆ గుర్తుల్లో. నాది గూడా రాస్తావా?"

"రాస్తానమ్మా. రాసి ఏం చేసేది? ఆ దేశానికి పంపడానికి లేదు. యుద్ధం జరుగుతోంది."

"పంపమనలా. రాయి."

నాలుగు మధ్యాహ్నాలు రాశాడు. సాంబశివరావు, అతని భార్యాపిల్లలూ పొలానికి వెళ్లాక, వసారాలో నీడన కూర్చుని ఆమె చెప్పేది. మామ పోయిన ఏడు, బావిలో నీళ్లు పైకొచ్చిన ఏడు, సాంబడికి పెళ్లి చేసినప్పుడు ఎవరెవరు వచ్చారో, ఎవరు అలిగిపోయారో. మాచర్లకు రైలు వచ్చినప్పుడు ఊరంతా బండ్లు కట్టుకుని చూడబోయి, ఆమె మాత్రం ఎవరు దిగుతారో చూద్దామని సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డ సంగతి. పుట్టింటికి వచ్చెయ్యమని అన్నలు అడిగితే పోనన్న సంగతి. ఏడవకుండా, ఆపకుండా చెప్పింది. అతను ప్రతి మాటకూ గొంతు ఎత్తూ దింపూ గుర్తులు పెట్టుకుంటూ రాశాడు. చదువుకున్నన్నాళ్లలో ఏ భాషనూ అంత జాగ్రత్తగా రాయలేదు.

ఐదో రోజు ఆమె, "ఇప్పుడు చదువు, సరిగ్గా రాశావో లేదో వింటా," అంది.

వసారాలో వాళ్లిద్దరే. వెనక పెద్దగది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల చీకటి, చల్లదనం. ఎండకు మిరపకాయల ఘాటు గాల్లో నిలబడిపోయింది. ఆరోగ్యస్వామి మొదటి పేజీ తీసి చదివాడు.

"నువ్వు పడవెక్కావని మీ నాయనకి కాయితం వచ్చింది."

"ఊ," అని వినపడింది.

వెంకాయమ్మ అందనుకున్నాడు. తలెత్తి చూస్తే ఆమె పెదవులు మూసి ఉన్నాయి. ఆమె కూడా అతని వంక చూడటం లేదు. ఓరగా ఉన్న తలుపు వైపు చూస్తోంది.

"చదువు నాయనా," అంది మెల్లగా.

"ఆ ఏడు వానల్లేవు. జొన్న ఎండిపోయింది."

"ఊ."

గదిలోంచే. కథ వినేవాడు నిద్రపోలేదని చెప్పడానికి కొట్టే ఊ. బరువైన ఛాతీలోంచి వచ్చింది. చివర చిన్న దగ్గు. ఆరోగ్యస్వామి నోటుబుక్కు మీద వేలు పెట్టి ఆగాడు. లేచి పోదామనుకున్నాడు, తలుపు తోసి చూద్దామనుకున్నాడు. ఆమె చేయి చాపి అతని మోకాలిమీద వేసింది.

"‘ఎండిపోయింది’ అన్నదాన్ని అట్టా తుంచమాక," అంది. "నేను కొంచెం లాగి అన్నా."

అతను మళ్లీ అన్నాడు, ఈసారి లాగి. లోపలినుంచి ఊ వచ్చింది. తర్వాతి వాక్యం చదివాడు. దానికీ వచ్చింది. మామ చావు దగ్గర కాసేపు ఏమీ వినపడలేదు. ఆపై ముందుకంటే చిన్నగా వచ్చింది. అతనికి భయం ఎప్పుడు పోయిందో తెలియదు. చెవి మాత్రం అలవాటు కొద్దీ ప్రతి ఊకీ తేడా పట్టుకుంటూనే ఉంది. మాచర్ల రైలు సంగతి వచ్చేసరికి వెంకాయమ్మ స్తంభానికి తల ఆనించి కళ్లు మూసుకుంది.

నీడ వసారా అంచుదాకా వచ్చింది. నోరెండిపోయింది. ఇంకా పదకొండు పేజీలున్నాయి. లోపల వినేవాడు ఎదురుచూస్తున్నాడు. ఆరోగ్యస్వామి చెంబులోని నీళ్లు ఒక గుక్క తాగి, పేజీ తిప్పాడు.